ముస్తాబు లేని ఫోటో

పుంగనూరు,
ఆగస్టు 2009.

సౌభాగ్యవతి నవనీతకు నీ భర్త లక్ష్మీపతి ఆశీస్సులతో రాయునది.

ఇక్కడ నేనూ పాపా క్షేమం. కుప్పంలో మీ అమ్మ క్షేమం. కువైట్‌లో నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఈ మూడు ముక్కలు నా చెయ్యి దానంతటదే రాసేస్తుంది, నేను చెప్పాల్సిన పని కూడా లేదు. ఆరేళ్లుగా రాస్తున్నాను కదా. ఈసారి రాసి, కలం పక్కన పెట్టి, మళ్లీ చదువుకున్నాను. కొట్టేద్దామనిపించింది. కొట్టేస్తే నువ్వు అక్కడ కంగారు పడతావని ఉంచాను. నువ్వు మాత్రం నీ అలవాటు ప్రకారం ముందే చివరి పేజీ తిప్పొద్దు. వరసగా చదువు.

ఈ ఉత్తరం మదనపల్లె కృష్ణమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. సెలవు అయిపోయి ఆమె మళ్లీ అక్కడి ఇంటిపనికి వస్తోంది. ఎప్పటిలాగే కెమెరా కార్డును గుడ్డపీలికలో చుట్టి చింతపండు పొట్లంతో కలిపి కట్టాను. నువ్వు చూసేసిన పాత కార్డు ఉంది కదా, ప్రతిసారీ ఇటు వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపుతావు. ఈసారి ఎవరికీ ఇవ్వొద్దు. ఎందుకో కింద రాస్తాను. ఫోన్‌లో మనకు ఏ మాటా సాగదు. పక్కన మేడమ్ ఉందని నువ్వు "ఊ, ఊ" అంటావు, నీ డబ్బులు అయిపోతాయని నేను "సరే, సరే" అంటాను. అంతే, వారం గడిచిపోతుంది.

నీ ప్రశ్నలకు జవాబులు. వానలు ఇంకా సరిగ్గా లేవు. వేరుశనగ వేసినవాళ్లు ఆకాశం వంక చూస్తూ కూర్చున్నారు. మన బొరుగుల బట్టీ నడుస్తోంది, శ్రావణమాసం కాబట్టి కాస్త అమ్మకం ఉంది. ఫోటోలన్నిటి మీదా ఒకటే తారీఖు ఎందుకు పడుతోందని అడిగావు. సెల్లులు తీసి మళ్లీ వేస్తే ఆ కెమెరాకు పాతవన్నీ మరుపు వస్తుంది. మళ్లీ మొదటి నుంచి, జనవరి ఒకటో తేదీ అంటుంది. మొదట్లో ప్రతిసారీ కూర్చుని సరిచేసేవాణ్ణి. ఇప్పుడు ఓపిక లేదు, దాన్నలాగే వదిలేశాను.

మొదటి సెలవులో నువ్వు ఆ కెమెరా తెచ్చిన రోజు గుర్తుందా? పెట్టెలో చీరల మధ్య నుంచి తీశావు. అరచేతిలో పట్టేంత వెండిరంగు డబ్బా. మీట నొక్కితే మూతి ముందుకు వచ్చింది, వీధిలో పిల్లలందరూ "ఓ" అని వెనక్కి జరిగారు. "నెలనెలా పాపను తీసి పంపండి, నా కళ్ల ముందే పెరిగినట్టు ఉంటుంది" అన్నావు. అప్పటికి వసుధకు ఐదేళ్లు. ఆ రోజు నుంచి నాకు బొరుగుల లక్ష్మీపతి అన్న పేరు పోయి కెమెరా లక్ష్మీపతి అన్న పేరు వచ్చింది. ఎవరింట్లో చెవులు కుట్టినా, పుట్టువెంట్రుకలు తీసినా నన్నే పిలిచారు. ఎదురింటి బైరప్ప అయితే కొత్త ఎద్దులను కొన్నప్పుడు కూడా పిలిచాడు. ఎద్దులు కదిలితే నన్ను తిట్టాడు. నాకూ సరదాగానే ఉండేది, అబద్ధం ఎందుకు?

ఆ సరదా మెల్లగా అరిగిపోయింది. మామూలు సెల్లులు వేస్తే నాలుగు ఫోటోలకే కన్ను మూసేది. ఒకసారి మూతి బయటికి వచ్చి లోపలికి పోనంది. మదనపల్లెలో స్టూడియో సాయిప్రసాద్ దగ్గరికి తీసుకుపోయాను. అతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు.

"అన్నా, దీంట్లోకి ఇసక పోయిండాది. బట్టీకాడ పెట్టినావా?"

"ఇంకెక్కడ పెట్టేదప్పా, నేను ఉండేదే ఆడ."

"నీ గొంతులోకి పోయేదే దీని గొంతులోకీ పోయిండాది. దీన్నైతే బాగు చేస్తా గానీ, నిన్నెవరు బాగు చేస్తారు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే దగ్గు వచ్చింది. ఆ దగ్గు సంగతి నీకు ఎప్పుడూ రాయలేదు. ఫోన్‌లో నేను తక్కువ మాట్లాడేది నీ డబ్బుల కోసం మాత్రమే కాదు, మాట పొడుగైతే దగ్గు వస్తుందని. బట్టీ పొగకు, పొట్టుకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. బట్టీకి దూరంగా ఉంటే అన్నానికి కూడా దూరంగా ఉండాలి కదా, ఆయనకేం, చెబుతాడు.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న. "పోయిన కార్డులో పాప ముఖం ఒక్క ఫోటోలోనూ లేదు. జడ ఉంది, స్కూలు సంచి ఉంది, వీపు ఉంది. కెమెరా చెడిపోయిందని ఫోన్‌లో అన్నారు. చెడిపోతే జడ ఎలా పడింది? పాపకు ఒంట్లో బాగుందా? నా దగ్గర ఏమైనా దాస్తున్నారా?" అని రాశావు. ఆ కిందనే, మేడమ్ ఇంకో రెండేళ్లు ఉండమంటోంది, రంజాన్ పండగలోపు ఏదో ఒకటి చెప్పమంటోంది అని రాశావు. "అంతకుముందు ఫోటోల్లో మీరంతా బాగానే కనిపిస్తున్నారు, ఉండమంటే ఉంటాను, మీరు ఎలా చెబితే అలా" అన్నావు.

నవనీతా, కెమెరా చెడిపోలేదు. బంగారంలా ఉంది. వసుధే ఫోటో తీయనివ్వడం లేదు.

మొదట మారాం అనుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల, కోపాలు ఉంటాయి. మొన్న ఏప్రిల్లో సెలవులకు కుప్పం తీసుకుపోయాను. మీ అమ్మ దాని తలకు నూనె పెట్టి, రెండు జడలు వేసి, కనకాంబరాలు పెట్టింది. అరుగు మీద నిలబెట్టి, "ఏదీ, అమ్మకు నవ్వి చూపించు" అన్నాను. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను అటు పోతే అది ఇటు తిరిగింది. చివరికి నాకు విసుగొచ్చి గట్టిగా అరిచాను. అప్పుడు చేతులు తీయకుండానే అంది.

"నేను నవ్వితే అమ్మకి ఈడ అంతా బాగుండాది అనిపిస్తాది నాయనా. బాగుంటే ఇంక యాల వస్తాది?"

మీ అమ్మ స్తంభం పట్టుకుని అలాగే కిందికి కూర్చుంది. ఆమెకు ఇప్పుడు కళ్లు సరిగ్గా ఆనవు, నీకు తెలుసు. నేను ఇచ్చిన ఫోటోలన్నీ దిండు కింద పెట్టుకుని ఒక్కోటి ముక్కుకు ఆనించుకుని చూస్తుంది. "అప్పా, బిడ్డ బాగుండాది, గౌను బాగుండాది. అన్నీ బాగుండాయి. బిడ్డ పక్కన తల్లి యాడుండాదప్పా?" అంది. నన్ను కోప్పడినా బాగుండేది. ఊరికే అడిగింది. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ వసుధ కిటికీ వైపు తిరిగి కూర్చుంది, నేను ఒళ్లో కెమెరా పెట్టుకుని కూర్చున్నాను. దాన్ని కిటికీలో నుంచి విసిరేద్దామనిపించింది. నువ్వు కొన్నదని ఆగాను.

ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. మన ఇళ్లల్లో ఫోటో అంటే ముస్తాబు. పీడకళ ఉన్న ముఖాన్ని ఎవరూ తీయరు, తీయనివ్వరు కూడా. తల దువ్వాలి, పౌడరు పూయాలి, ఉన్న వాటిలో మంచి గౌను తొడగాలి. గోడ బాగాలేకపోతే పక్కింటి గోడ దగ్గర నిలబెట్టాలి. నేనూ అదే చేశాను. మన వంటింటి పైకప్పు కారిన ఏడాది నీకు పంపిన ఫోటోలన్నీ బైరప్ప వాళ్ల వరండాలో తీసినవి. నెలకోసారి నవ్వించి, నవ్వును గుడ్డపీలికలో కట్టి పంపాను. నువ్వు అది చూసి ధైర్యంగా ఉన్నావు. అక్కడ నీ కష్టం నువ్వు రాయలేదు, ఇక్కడ మా కష్టం నేను తీయలేదు.

పోయినేడాది పాప బైరప్ప కొత్త మోటారుసైకిలు పక్కన నిలబడిన ఫోటో ఉంది చూడు, నీకు బాగా నచ్చిందన్నావు. అది చూసి, "పాప కొంచెం ఒళ్లు చేసింది, చాలా సంతోషం" అని రాశావు. ఒళ్లు చేయలేదు నవనీతా. అది బుట్ట చేతుల గౌను. లోపల పిల్ల పుల్లలా ఉంది. దానికి టైఫాయిడ్ వచ్చింది. మదనపల్లెలో ఆసుపత్రిలో పెట్టాను. రాత్రీ పగలూ "అమ్మా, అమ్మా" అని కలవరించింది. నీకు చెబితే నువ్వు రాలేవు, మధ్యలో మేడమ్ వాళ్లు పాస్‌పోర్టు ఇవ్వరు, ఏడ్చి ఏడ్చి నువ్వు కూడా పడిపోతావని చెప్పలేదు. ఇంటికి వచ్చిన మర్నాడే కువైట్‌కు ఎవరో బయలుదేరుతున్నారని తెలిసింది. పిల్లకు నిలబడే ఓపిక లేదు, బండి సీటుకు ఆనించి నిలబెట్టాను. బుగ్గలకు పౌడరు నేనే పూశాను. "నవ్వమ్మా" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు నువ్వు చూశావు.

పాప అది మరిచిపోయి ఉంటుందనుకున్నాను. మరిచిపోలేదు. కుప్పం నుంచి వచ్చాక ఒకరోజు అన్నం తింటూ, "జరం వచ్చినప్పుడు కూడా నవ్వమన్యావు గదా నాయనా" అంది. నేను మజ్జిగ పోసుకుని తినేశాను.

నన్ను తిట్టాలంటే తిట్టు. నాకు దాచే ఓపిక కూడా అయిపోయింది.

ఇక ఈ కార్డు సంగతి. ఇందులో ఒక్క ఫోటోయే ఉంది. అది నేను తీసింది కాదు. పోయిన ఆదివారం మధ్యాహ్నం బట్టీ ఆర్పి, బొరుగులు జల్లించి, బస్తాలకు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకున్నాను. వసుధ కెమెరా తీసుకుని నన్ను తీసింది. నాకు తెలియదు. సాయంత్రం ఊరికే మీట నొక్కి చూస్తే చిన్న తెరలో ఎవడో ముసలాడు. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. జుట్టు నిండా పొట్టు. చొక్కా గుండీ ఒకటి లేదు. మెడ దగ్గర ఎముకలు పైకి వచ్చాయి. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం మా నాయన అనుకున్నాను. ఆయన పోయి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు.

అప్పుడు తట్టింది. నువ్వు పోయినసారి వచ్చి వెళ్లాక ఈ రెండేళ్లలో నీకు పంపిన ఏ ఫోటోలోనూ నేను లేను. ఎలా ఉంటాను, కెమెరా పట్టుకునేది నేనే కదా. "మీరంతా బాగానే కనిపిస్తున్నారు" అని రాశావు. నేను కనిపించిందే లేదు.

చెరిపేద్దామని మీట మీద వేలు పెట్టాను. వసుధ పరిగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"తీసెయ్యొద్దు నాయనా. అమ్మకి ఇదే పంపు."

"ఇదేం ఫోటోనమ్మా, సూస్తే మీ అమ్మ భయపడతాది."

"పడనీ" అంది. "భయపడితేనే గదా వస్తాది."

అంత మాట అనేసి, నా చేతిలోని కెమెరా లాక్కుని గూట్లో పెట్టింది. ఆ రాక్షసికి నీ మొండితనం వచ్చింది, నాది కాదు.

నవనీతా, నువ్వు పోయేటప్పుడు నేను పొమ్మనలేదు, వద్దని కూడా అనలేదు. బట్టీ షెడ్డు కాలిపోయింది, వేరే దారి లేదు, తల వంచుకుని ఊరుకున్నాను. రెండోసారి, మూడోసారి కూడా అదే చేశాను. "నీ ఇష్టం" అన్నాను. ఆ మాట వెనక నక్కి కూర్చున్నాను. కాలిన షెడ్డు ఏనాడో లేచింది. అప్పులు తీరిపోయాయి. నువ్వు పంపింది నిలబడింది. ఇంకేం కావాలి? మొగవాడినై ఉండి, నాకు చేతకావడం లేదు, నువ్వు వచ్చెయ్ అని అనడానికి సిగ్గు అడ్డం వచ్చింది. నువ్వు "ఎలా చెబితే అలా" అని రాశావు కదా. అందుకని ఇప్పుడు చెబుతున్నాను. నాకు చేతకావడం లేదు. ఒక్కణ్ణే పిల్లకు తల దువ్వలేను, దగ్గుతూ బట్టీ తిప్పలేను, బాగున్నామని ఇంకో రెండేళ్లు రాయలేను. వచ్చెయ్.

మేడమ్ ముందు ఏం చెప్పాలో తోచకపోతే ఆ ఫోటో చూపించు. వాళ్ల అమ్మాయి కంప్యూటర్లో పెడితే పెద్దగా కనిపిస్తుంది. నీ భాష ఆమెకు రాకపోయినా అది అర్థమవుతుంది.

కెమెరాలో కొత్త సెల్లులు వేసి ఉంచాను. వసుధ నవ్వు మాత్రం నువ్వు వచ్చి గుమ్మంలో నిలబడ్డాకే అట. తారీఖు కూడా ఆ రోజే సరిచేస్తాను. పాత కార్డు ఎవరి చేతికీ ఇవ్వొద్దని పైన రాశాను కదా. అది నువ్వే తీసుకురా.

ఇట్లు,
ఫోటోలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న మనిషి,
వసుధ నాయన.