నీ వానపాములకూ పెట్టిన అన్నం

శైలజా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నిన్న నీ సంవత్సరీకం జరిగింది. వచ్చినవాళ్లు తిని లేచాక మీ మేనత్త విస్తళ్లలో మిగిలిన చిత్రాన్నం, ఊరిబిండి పచ్చడి, చారు అన్నీ తెచ్చి, నువ్వు ఎరువు కోసం పెంచిన వానపాముల తొట్టిలో పోసింది.

"శైలు పెంచినవే గదా వదినా, వాటికీ ఇంత పెడదామని పోసినా" అంది. మంచి మనసుతోనే చేసింది, ఏమంటాను?

ఉప్పూ కారమూ వాటికి పడవని నువ్వు చెప్పేదానివి. పొద్దున చూస్తే అన్నీ తొట్టి అంచులు పట్టుకుని పైకి పాకుతున్నాయి. బయట పడినవి కోడుమూరు ఎండకు బండ మీదే ఎండిపోయాయి.

నాకు ఓపిక లేదు. అయినా కూర్చున్నాను. నువ్వు చేసినట్టే వేరే తొట్టిలో ఎండుటాకులూ మాగిన పేడా పరిచి, నీళ్లు చిలకరించాను. బతికినవాటిని ఒక్కొక్కటే ఏరి అందులో వేశాను. అవి మెల్లగా లోపలికి దిగిపోయాక తడి గోనెపట్ట కప్పాను.

మీ మేనత్త వచ్చి నా ముఖం చూసింది.

"నిన్నంతా కండ్లు తడవలేదు. ఇప్పుడు ఈ పురుగుల కోసరం ఏడుస్తాండావా వదినా?"

"వాటికోసమేలే" అన్నాను.

అమ్మ