బంతిలో పాట లేని పెళ్లి

ఎమ్మిగనూరు, 1982 మే, ఆదివారం రాత్రి

అన్న కూతురి పెళ్లి అయిపోయింది. ఆదోని నుంచి వచ్చిన మగపెళ్లివారు బంతిలో కూర్చుంటే, వాళ్లను ఆటపట్టిస్తూ పాడేవాళ్లే లేరు. తలలు వంచుకుని తిని లేచారు. చావింటి భోజనంలా ఉంది.

ఆ పాటలు ఆపాలా వద్దా అని పోయిన నెల మహిళా మండలిలో పెద్ద రగడ. "నవ్వుకునేదానికి గూడా మీరే సెప్పల్లా?" అని ముసలివాళ్లు కేకలేశారు. ఆపాల్సిందేనని నేను గట్టిగా అన్నాను. పాటలో ముండమోపి అన్న మాట వస్తుంది. మొగుడు పోయినవాళ్లు వింటూండగా ఆ మాట పాడి నవ్వుకోవడమేమిటి? ఇప్పటికీ నేననేది అదే.

కానీ ఊళ్లో ప్రతి పెళ్లిలో ఆ పాట పాడేది పక్కీరమ్మ. ఆమెకూ మొగుడు లేడు. ఆ రోజు మండలి తలుపు దగ్గరే నిలబడి, "ఆ మాట తగిలేది నాకే గదమ్మా. నేనే పాడుకుంటాంటే మీకేం నొప్పి?" అంది. ఆ ఒక్క మాట తీసేసి పాడమన్నాను. ఆమె వెళ్లిపోయింది. పాటలు ఆపాలనే మండలిలో తీర్మానమైంది.

ఇవాళ పందిట్లో ఆమె కనబడలేదు. పక్కీరమ్మ రాలేదేమని వదినను అడిగాను.

"పాటే వద్దంటిరి గదా. ఇంగ శుభకార్యానికి ఆ ముండమోపిని ఏంటికి పిలుస్తారు?" అంది వదిన, తాంబూలాలు సర్దుతూ.

ఇన్నేళ్లూ పక్కీరమ్మను పెళ్లి పందిట్లోకి రానిచ్చింది ఆ పాటే.

మండలి ఆడవాళ్లు నలుగురు పక్కనే ఉన్నారు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. నేనూ తాంబూలాలు సర్దుతూ కూర్చున్నాను.