చెల్లెలి మైనంలో నేను కలిపినది

కోరుట్ల నివాసి, కీర్తిశేషులు బూర పరశురాములు భార్య బూర చంద్రవ్వ అనే నేను, అరవై ఏడేళ్ల వయసులో, చూపు మసకబారినా మతి చెదరకుండా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా తదనంతరం దీన్ని నా కూతురు సంధ్య అమలు చేయాలి.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు సర్వహక్కులతో సంధ్యకు చెందుతుంది. కొవ్వొత్తులకు మైనం కాచిన గదికి పొగమరకలున్నాయి. సున్నం వేయించుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

2. నా భర్త ఉన్నికోటు పెగడపల్లి దేవయ్యకు ఇవ్వాలి. తాటిచెట్లెక్కే ఆ మనిషి పదకొండేళ్లుగా తేనె పిండిన తెట్టెను నాకే తెచ్చి ఇచ్చాడు. ఒకసారి మొహమంతా వాచిపోయి వచ్చి, "ఈగలు కుట్టినయ్ అక్కా, మైనం మాత్రం సాఫున్నది" అన్నాడు.

3. చెల్లెలి భర్త, మరిది బాలకిషన్‌కు ఏమీ లేదు. నలుగురిలో నా కొవ్వొత్తి ఎత్తి చూపి, "వదినెది వంకర, మా స్వరూపది సక్కగ" అని నవ్వినవాడు.

4. నా ఇత్తడి గిన్నెలు, పన్నెండు అచ్చులు, వడగట్టిన మైనమంతా తంగళ్ళపల్లిలో ఉండే నా చెల్లెలు స్వరూపకు చెందాలి. కారణం కూడా రాస్తున్నాను.

ఈ పని ఆమెకు నేర్పింది నేను. మైనం నీళ్లలో కరిగించడం, నూలుగుడ్డలో వడగట్టడం, వత్తి బిగించి పోయడం, అన్నీ నా పక్కన కూర్చుని నేర్చుకుంది. ఏడాది తిరక్కుండానే సిరిసిల్ల మేళాలో అందరూ ఆమె బల్ల దగ్గరే చేరారు. నన్ను కోరుట్లలోనే "స్వరూప వాళ్ల అక్క" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్నరోజు నాకు అన్నం దిగలేదు.

నాలుగేళ్ల కిందట జగిత్యాల చర్చివాళ్లు క్రిస్మస్‌కు మూడు వందల కొవ్వొత్తులు చేసిమ్మని ఆమెను అడిగారు, నన్ను కాదు. మైనం చాలక ఆమె నన్నే అడిగింది. నేను కరిగించి, అందులో వనస్పతి కలిపి పంపాను. తేనె వాసనలో అది తెలియలేదు. చర్చిలో ఆ కొవ్వొత్తులు మెడలు వాల్చి, పొగ చిమ్మాయి. స్వరూప ఫోన్‌లో ఏడ్చింది: "అక్కా, నా చెయ్యే మంచిది కాదే." నేను ఊరుకున్నాను. ఆమె పని మానేసింది. మరుసటి క్రిస్మస్ నుంచి ఆ కొవ్వొత్తులు నేనే చేశాను.

నేను పోయాక ఇది సంధ్య చదివితే, స్వరూప తిట్టడానికి నేనుండను. అందుకే రేపు నేనే వెళ్లి చదివి వినిపిస్తాను.

2 నవంబరు 2025.

తర్వాత చేర్చినది:

చదివాను. చివరిదాకా విని, తన రెండు చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "నాలుగేండ్లు గీ చేతుల్ని తిట్టుకున్ననే అక్కా. నీ మైనం నాకొద్దు, నీ గిన్నెలొద్దు. పో" అంది. కనుక 4వ అంశం కొట్టేస్తున్నాను. ఆ సామాను మనవరాలు రచనకు చెందుతుంది.

ఈసారి జగిత్యాల చర్చివాళ్లకు కొవ్వొత్తులు చేయలేనన్నాను. ఎవరిని అడగాలో కూడా చెప్పాను. దేవయ్య దగ్గర మైనం కొని, స్వరూప తానే చేసి ఇచ్చిందట. పండుగ మర్నాడు పొద్దున చర్చి ముందర బల్ల మీద చర్చివాళ్లు మిగిలినవి అమ్ముతుంటే ఒకటి కొనుక్కున్నాను. ఇంటికొచ్చి వెలిగించాను. పొగ లేదు, వంకర లేదు, మంట నిటారుగా నిలబడింది. నా చేతికి ఏనాడూ రాలేదు అది. ఊదేద్దామని రెండుసార్లు వంగాను.

ఊదలేదు. అడుగంటా కాలేదాకా ఎదురుగానే కూర్చున్నాను.

పై మార్పుతో సహా ఇదే నా ఆఖరి వీలునామా.

కోరుట్ల, 27 డిసెంబరు 2025
(సంతకం) బూర చంద్రవ్వ

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
1. వెంకటవ్వ, పక్కింటామె (వేలిముద్ర)
2. నితిన్, వెంకటవ్వ అల్లుడు (సంతకం)