తోక పడవ

నవంబరు 16, ఆదివారం
మధ్యాహ్నం, భోజనాలయ్యాక

చిరంజీవి పిచ్చుకకు నానమ్మ దీవెనలు.

ఇక్కడ అందరమూ క్షేమమని రాయడం ఆనవాయితీ. మీ నాన్న మోకాలూ, మేడ మీది నీళ్ళ ట్యాంకూ తప్ప తక్కినవన్నీ క్షేమమే. నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తినా బాగున్నాను, తిన్నాను, పెట్టేస్తున్నాను అని మూడు ముక్కలు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టేసినా బల్ల మీద పడి నిన్నే చూస్తూ ఉంటుంది.

సంగతేమిటంటే, మీ అన్న పోయినప్పటి నుంచి మూతపడి ఉన్న పడవల షెడ్డు ఈ ఉదయం తెరిచారు. మీ బృందం మళ్ళీ కయాకులు, ఆ సన్నటి తెడ్డు పడవలు, వేసుకుని సముద్రం మీదికి గాలాల వేటకు వెళ్ళింది. మెకానిక్ మామ తాళానికి నూనె పోసి, అది రాక, చివరికి రాయి పెట్టి కొట్టాడు. ఊళ్ళో వాళ్ళ బండ్లన్నీ బాగుచేస్తావు, నీ తాళం మాత్రం పగలగొట్టుకుంటావా అని పళ్ళ డాక్టరమ్మ దెప్పింది. లోపల తడి తువ్వాళ్ళ వాసన అలాగే ఉంది. కొక్కేలకు లైఫ్ జాకెట్లు వరసగా వేలాడుతున్నాయి. ఒక కొక్కెం ఖాళీ. అది ఎవరిదో నీకు చెప్పనక్కర్లేదు.

వరస ఇది. ముందు పడవలో మెకానిక్. తర్వాత డాక్టరమ్మ. ఆ తర్వాత రెండు సీట్ల పడవలో దర్జీ. ముందు సీటు ఖాళీగా ఉంటే ఆ పడవ ముక్కు లేచి గాలికి తిరిగిపోతుంది కదా, అందుకని ఈసారి అక్కడ ఒక బరువు పెట్టుకున్నాడు. ఇసుక మూటకంటే ఇదే మేలు, కారదు అన్నాడు. ఇక వరస చివర మీ అన్న నడిపిన తోక పడవ ఎవరిదన్న దగ్గర అందరూ ఎవరి తెడ్డు వాళ్ళు చూసుకున్నారు. పోనీ ఈ ఒక్కరోజుకీ తోక లేకుండానే వెళదాం అన్నాడు మెకానిక్. తోకలేని గాలిపటం ఎక్కడ వాలుతుందో తెలుసుగా అని డాక్టరమ్మ కసిరింది. కసిరిందే గాని తాను వెనక్కి జరగలేదు.

అలలు దాటాక నీళ్ళు నూనె పోసినట్టు నిలిచి ఉన్నాయి. కానాగంత చేపల గుంపు దొరికింది. డాక్టరమ్మ ఒకదాని నోట్లోంచి గాలం ముల్లు తీస్తుంటే, నొప్పి తెలియకుండా సూది వేసి తియ్యమ్మా, అలవాటేగా అన్నాడు దర్జీ. నీ నోరు కుట్టడానికి దాచుకున్నాలే ఆ సూది అంది ఆవిడ. ఏడాది తర్వాత వాళ్ళు నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు అయ్యీ అవకముందే పొగమంచు దిగింది. ఎవరి గాలం వాళ్ళకే కనబడకుండా పోయింది.

ఇక్కడ మీ కట్టుబాటు రాస్తాను. నీకు తెలిసిందే. కానీ లెక్కను మొదటి నుంచి వేస్తేనే తేడా ఎక్కడ వచ్చిందో దొరుకుతుంది. ముప్పై ఏళ్ళు ఆడిట్ ఆఫీసులో కూర్చున్న దాన్ని, ఇంకో పద్ధతి చేతకాదు.

మంచు పడితే ముందున్నవాడు విజిల్‌తో పొడుగ్గా ఒక ఈల ఊదాలి. ఎక్కడున్నారు అని అడగడం అది. వరస ప్రకారం ఒక్కొక్కరూ ఒక్క ఈలతో పలకాలి. ఎవరైనా పలకకపోతే వాళ్ళని వెతకడం తోక పడవ పని. అందరూ ఒడ్డు ఎక్కేదాకా అది ఎక్కకూడదు. ముందే తిరిగిపోదలచినవాళ్ళు మూడు పొట్టి ఈలలు ఊది, తోక పడవ బదులిచ్చాకే తిరగాలి.

నిరుడు ఆ ఉదయం నీకు ఒక్క చేపా పడలేదు. నీ ముఖం చూసి అవి ఉపవాసం పట్టాయే అని మీ అన్న ఏడిపించాడు. నీకు ముక్కు మీదే కోపం. మూడు ఈలలూ ఊదకుండా, తిరిగి చూడకుండా ఒడ్డుకు వచ్చేశావు. జాకెట్టు కూడా విప్పకుండా కారెక్కి అద్దాలు బిగించి నిద్రపోయావు. తర్వాత మంచు పడింది. నీ వంతు వచ్చినా ఈల రాలేదు. మీరు పదండి మామా, ఆ మొద్దుని నేను పట్టుకొస్తా అని మీ అన్న వెనక్కి తిరిగాడు. మెకానిక్ కారు అద్దం కొట్టి నిన్ను లేపేసరికి మంచు విడిపోయింది. మీ అన్న పడవ దొరికింది. తెడ్డు తాడుతో కట్టినది కట్టినట్టే ఉంది, గాలం తీగ చక్కగా చుట్టి ఉంది. వాడు దొరకలేదు.

ఇందులో నీది తప్పని నేను రాయను. కాదనీ రాయను. ఆ రెండూ విని నువ్వు ఎంత దూరం పారిపోయావో చూశాను. నీటి చుక్క కనబడని ఊళ్ళో ఉద్యోగం వెతుక్కున్నావు.

ఇక ఈ ఉదయానికి వస్తాను. మెకానిక్ పొడుగ్గా ఊదాడు. డాక్టరమ్మ పలికింది. దర్జీ పలికాడు. అక్కడితో వరస అయిపోవాలి. కాని దర్జీ వెనక, ఎవరూ లేని చోట, ఇంకో ఈల వచ్చింది. పొడుగ్గా. చివర కాస్త పైకి లేచి. పలకడం కాదు, అడగడం.

ఏయ్ దర్జీ, ఆటలొద్దు అని మెకానిక్ కేకేశాడు. నా నోట్లో తడే లేదు, ఈల ఎక్కడిది బావా అన్నాడు దర్జీ. ఎవరది అని డాక్టరమ్మ అరిచింది. ఆవిడ గొంతుకి పళ్ళు పీకించుకునేవాళ్ళు కుర్చీలోంచి లేచిపోతారు. దానికి బదులుగా మళ్ళీ అదే ఈల.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అందుకని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. రాళ్ళకి తగిలిన ప్రతిధ్వనా అంటే, ఊదినవాడి ఈలే తిరిగి రావాలి. వీళ్ళ విజిళ్ళలో గింజ ఉంటుంది, గలగలమంటుంది. ఈ ఈలలో ఆ గలగల లేదు, నున్నగా ఉంది. తడిస్తే అంటుకుంటుందని విజిల్లోంచి గింజ తీసేసినవాడు ఆ బృందంలో ఒక్కడే. పక్షా అంటే, పక్షి అడిగి, ఆగి, మళ్ళీ అడగదు. కొట్టేయగా చివరికి ఒకటి మిగిలింది. లెక్కకు ఒప్పని అంకెను చెరిపేయకూడదు, విడిగా రాసిపెట్టాలి. రాసిపెడుతున్నాను.

ఒడ్డు చేరేదాకా అది వెనకే వచ్చింది. దగ్గరికి రాలేదు, దూరమూ కాలేదు. వీళ్ళు ఇసుకలో దిగాక, లోపలే ఆగిపోయింది.

జాకెట్లు తగిలిస్తూ ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. పడవలు అమ్మేద్దాం అన్నాడు మెకానిక్. అమ్మితే వాడు ఎవరి వెనక వస్తాడు అని దర్జీ అడిగాడు. తాళం పగిలింది కాబట్టి మెకానిక్ తలుపును తాడుతో కట్టాడు.

నాకు అర్థమైనది ఇది. వాడు నిన్ను పట్టి పీడించడానికి రావడం లేదు. కోపం కూడా లేదు. అందరూ ఒడ్డు ఎక్కేదాకా తాను ఎక్కకూడదన్న మాట మీద నిలబడ్డాడు. నువ్వు ఒడ్డున ఉన్నావని వాడికి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. కారులో వెచ్చగా నిద్రపోతున్నావని తెలియక ఆ చల్లటి నీళ్ళలో వెతుకుతూనే ఉన్నాడు.

నువ్వు పడవ ఎక్కనక్కర్లేదు. ఒడ్డున నిలబడి ఆ మూడు ఈలలు ఊదితే చాలు. వచ్చే ఆదివారం పెందలాడే షెడ్డు దగ్గరికి రా. ఉన్ని స్వెటరు తెచ్చుకో. నువ్వు వదిలేసి వెళ్ళినది చిమ్మట కొట్టేసింది, నేనే పారేశాను.

ఇట్లు,
నీ మంచి కోరే
నానమ్మ

తా.క. పై ఉత్తరంలో అబద్ధం ఒక్కటీ లేదు, ఒక నిజం తక్కువైంది. కవరు అంటించబోయి మనసొప్పక మళ్ళీ విప్పాను. దర్జీ ముందు సీటులో పెట్టుకున్న ఆ బరువును నేనే. సముద్రం మీదికి వెళితే కాళ్ళు విరగ్గొడతానని మీ ఇద్దరినీ బెదిరించిన దాన్ని, ఈ వయసులో నీ జాకెట్టు తొడుక్కుని కూర్చున్నాను. మీ అన్నను మింగిన నీళ్ళను ఒక్కసారి దగ్గరగా చూడాలనిపించింది. వాడి ఈల అందరికంటే ముందు గుర్తుపట్టింది నేనే. నీ జాకెట్టుకు నీ విజిల్ అలాగే ఉంది. దాన్ని నోట పెట్టి, ఒడ్డుకు వచ్చేశానురా అని నీ బదులు మూడు పొట్టి ఈలలు ఊదాను. మూడూ కొలిచినట్టు సమానంగా ఊదాను. అక్కడే పొరపాటు చేశాను. నువ్వు మూడోదాన్ని ఎప్పుడూ సగంలో వదిలేస్తావు. వాడు కాసేపు ఆగాడు. నమ్మలేదు. మళ్ళీ అడిగాడు.