పసుపెక్కిన లెన్స్

హోబార్ట్,
బుధవారం

మారియన్ వదినకి,

మీ తమ్ముడి అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో అందరూ టీ తాగుతుంటే మీరన్న మాట నా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. "ఆ పాత లెన్స్‌లో రేడియేషన్ ఉందట. అదే మా రస్సెల్‌ని పొట్టన పెట్టుకుంది. కొనిచ్చిన మహాతల్లివి నువ్వేగా!" అన్నారు. పెళ్లిరోజుకి కొనిచ్చింది నేనే, కాదనను.

ఆ రోజు నుంచి మా టెస్, వాళ్ల నాన్న కెమెరా ఉన్న గదిలోకే వెళ్లడం లేదు. అందుకే దాన్ని యూనివర్సిటీకి తీసుకెళ్లి కొలిపించాను. గాజులో థోరియం అని రేడియేషన్ వెలువరించే లోహం ఉన్న మాట నిజమేనట. కానీ ఏడాదికి ఓ నెల రోజులు మెడలో వేసుకు తిరిగినా ఒంటికి తగిలేది, మీరు పెర్త్ నుంచి విమానంలో వస్తే తగిలేదానికి అటూ ఇటూగా ఉంటుందట. పగలగొట్టి పొడి చేయకుండా ఉంటే చాలన్నారు.

"ఆయన సిగరెట్లు కాల్చేవారా?" అని అడిగింది అక్కడి అమ్మాయి. పొగాకులోనూ రేడియేషన్ ఉంటుందట, అది నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుందట. ఆయన్ని తీసుకుపోయింది ఊపిరితిత్తుల కాన్సరే కదా! ఏటా బాలీ నుంచి చవగ్గా వస్తాయని సిగరెట్ పెట్టెలు మోసుకొచ్చి, "పాపం, వాడికున్న సరదా అదొక్కటే, నువ్వు సాధించకు" అని నన్ను కసిరింది ఎవరు వదినా?

టెస్‌కి మీరే ఫోన్ చేసి చెప్పండి. నేను చెబితే నమ్మడం లేదు.

పాతబడి పసుపెక్కిన ఆ లెన్స్‌ని కిటికీలో ఎండకి పెట్టాను. రోజురోజుకీ తేటబడుతోంది. ఆయన కుర్చీకి పైన సీలింగ్‌కి పట్టిన పసుపు మాత్రం ఎంత తోమినా వదలడం లేదు. ఈ క్రిస్మస్‌కి వచ్చేటప్పుడు పెయింట్ డబ్బా పట్టుకు రండి.

మీ తమ్ముడి భార్య