పక్కింటి దర్వాజకు ఉల్లిగడ్డ

బెల్లంపల్లి బొగ్గుబాయిల పనిచేసే కొడుకు పోశెట్టికి, మంథని నుంచి అవ్వ దీవించి రాయిస్తున్నది.

ఊర్ల గత్తర వచ్చింది, వాంతులు బేదులతోటి మంది పడిపోతున్నరు, నేను బాగున్న. ఉల్లిగడ్డ కట్టిన దర్వాజ దాటి గత్తర రాదని అందరూ సంచులకొద్దీ కొంటున్నరు. ధర మూడింతలైంది. దుకాణం నాగయ్యను నిలదీస్తే, "నేను పెంచలే అవ్వా, మీ భయం పెంచింది" అన్నడు. నిజమే. మీ బాపు ఉన్నప్పుడు ఎవరి దర్వాజకు వాళ్లు కట్టుకునేటోళ్లు కాదు, పక్కింటికి కట్టేటోళ్లు. అందుకే ఎవరూ దాచలేదు. బాపు నవ్వుకుంట వాడంతా కట్టి వచ్చేటోడు. నేను పక్కింటి భూమవ్వకు కట్టిన. నాకొకటి కట్టేందుకు ఆమె తన సంచి విప్పలే. నా చేత్తో నాకు కట్టుకోను.

చిన్నోని దగ్గు తగ్గిందా? నీళ్లు కాచి తాగుండ్రి. కోడలికి, పిల్లలకు దీవెనలు. వేరు కాపురం పెట్టినవు గదా, ఇప్పుడు నువ్వూ పక్కింటోనివే. గత్తర పోయినంకనన్నా వచ్చి, నా దర్వాజకు ఒకటి కట్టిపో.