మేడ మీద విప్పిన గొడుగులు

నా బంగారు తల్లికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మేడ మీది కీరదోస పాదులూ క్షేమం. వాన మా అందరికంటే నిక్షేపంగా ఉంది. ఊరంతా తడి అద్దం వెనక ఉన్నట్టు మసగ్గా కనిపిస్తోంది. నువ్వూ కులాసా అని తలుస్తాను.

"ఈ ముసురుకి నా కుండీలో పిందెలన్నీ కుళ్ళిపోతున్నాయి, నీకెలా కాస్తున్నాయమ్మా?" అని అడిగావు. తీగను నేల మీద పాకనివ్వకు, కర్రకు ఎక్కించు. కింది ఆకులు తుంచెయ్యి, గాలి ఆడితే బూజు పట్టదు. కుండీ అడుగున నీళ్ళు నిలవనివ్వకు. ఇవన్నీ చేసినా నా పిందెలు వేలెడంతై, పసుపెక్కి రాలిపోయేవి. ఎందుకో చెప్పింది కింది వాటాలో కొత్తగా దిగిన గొడుగులాయన.

గొడుగులు బాగుచేయడం ఆయన పని. గదిలోకి నీళ్ళు కారుతుంటే, మేడ మీద గొట్టం పూడుకుందేమో చూడటానికి పైకి వచ్చి, పాదుల దగ్గర ఆగిపోయారు.

"వానకి తేనెటీగలు రావడం లేదండీ. వాటి పని మనమే చెయ్యాలి" అంటూ ఒక మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, పిందె ఉన్న ఆడపువ్వుకి మెల్లగా తాకించారు.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాను.

"మా ఆవిడ దగ్గర. పోయేదాకా ఆవిడకి తోటే లోకం."

మర్నాడు పుప్పొడి తడవకుండా పాత గొడుగులు తెచ్చి పూల మీద విప్పి కట్టారు. నల్లవీ, ఎర్రవీ, చుక్కలవీ. రోజూ పొద్దున్నే వాటి కింద ఇద్దరం వంగి పువ్వు పువ్వుకీ తిరుగుతుంటే, మాటలు వాటంతటవే ఆగిపోయి చినుకుల చప్పుడే మిగులుతుంది. మెలకువగానే ఉన్నానా అనిపిస్తుంది. కాయలు చేతికొచ్చాయి. లేతగా, చల్లగా ఉన్నాయి.

అసలు సంగతి ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. మొన్న కీరదోస ముక్క అందిస్తే ఆయన తీసుకోలేదు. "మనం పెళ్ళి చేసుకుందామా?" అన్నారు.

"ఈ వయసులోనా! నలుగురూ నవ్విపోరూ?"

"నవ్వనీయండి. వానకి అందరూ మొహాలు ముడుచుకుని కూర్చున్నారు."

నేనే పకపకా నవ్వేశాను. మీ నాన్న పోయాక నా గొంతులో ఆ చప్పుడు వినలేదు తల్లీ. మీ నాన్నని మరిచిపోయాననుకోకు. "మా అమ్మాయిని అడిగి చెబుతాను" అన్నాను.

నువ్వు వద్దంటే మానేస్తాను... అబద్ధమెందుకు? నువ్వు వద్దన్నా, కాస్త ఏడ్చి, ఆయనకి సరేనంటాను. నువ్వు ఊఁ అంటే నవ్వుతూ అంటాను.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మంలో నిలబడే
మీ అమ్మ